కిటికీ కొలత

కార్క్ నగరంలో శనివారం, సన్నటి వాన.
అమ్మకానికున్న పదకొండో ఇంట్లో
నూలా కిటికీ కొలుస్తోంది.
ఇప్పట్లో కొనలేదని ఏజెంటుకు తెలుసు.
టేపు రెండో కొస అతనే పట్టుకున్నాడు.

ఫ్రిజ్ తలుపు మీద గళ్ల కాగితం:
వంద యూరోలు తీరితే ఒక గడికి ఆకుపచ్చ.
మార్చిలో కారు గేరుబాక్సు
రెండు వరసలు మింగేసింది.
పూసిన రంగు చెరపబుద్ధి కాలేదు ఎవరికీ.
కింద మరో రెండు వరసలు గీశాడు ఫిన్‌బార్,
ఏమీ అనకుండా, స్కేలు పెట్టి.

రాత్రి బేకరీలో
పిండిముద్దలు తూస్తూ లెక్కేసుకుంది:
ఇంకా నూట నలభై.
అప్పు నిప్పంటారు గాని
ఇది తడికట్టె. పొగే ఎక్కువ.

తెల్లారి ఇంటికొచ్చి,
నిద్రలో ఉన్న అతని చెవిలో చెప్పింది:
"నూట పద్దెనిమిది సెంటీమీటర్లు.
మన పరదా సరిపోతుంది.
రెండు వేళ్లు మడిచి కుట్టాలి, అంతే."