మిగిలిన బోల్టు

రాయగడలో రైల్వే గేటు అవతల
మా రేకుల షెడ్డులో
పదకొండు నెలలుగా విప్పదీసి ఉంది
విశాఖ కాంట్రాక్టరు తుక్కు కింద ఒగ్గేసిన ఆక్టేవియా.

పేపరు మిల్లులో బాయిలరు కాసిన చేతులివి,
టర్బో అంటే బెదురు లేదు.
బయటికి పోయే పొగే పోతూ పోతూ చక్రం తిప్పి
లోపలికి గాలి తోస్తుంది, అంతే.
పోయేదాని చేత కూడా పని చేయించుకోవడం
మా ఇంట్లో ఎవరికి తెలీదు?

మరలన్నీ పాల కవర్లలో కట్టి
మా ఇతిశ్రీ చీటీలు రాసింది, ఒడియాలో.
బడిలో దానికి అబ్బినవి ఆ అక్షరాలే.
నాకొచ్చినవి తెలుగువి, అవీ అంతంతే.
"ఇదేటే గుంటా?"
"ఎగ్జాస్టు నాన్నా. ఎడం పక్క, మూడోది."
వాల్వుకి భ రాస్తారట వీళ్ళు!
ఒకటే నవ్వు,
గ్రీజు చేతులతో కళ్ళు తుడుచుకోలేక.
యాభై రెండేళ్ళకి అలా
సిలిండరు హెడ్డు మీద అక్షరాభ్యాసం.

టార్క్ రెంచి టిక్కుమన్న చోట ఆగాలి.
అది నేర్వడానికి మాత్రం
రెండు స్టడ్లు విరిగాయి.

రాత్రి కరెంటు లేదు. టార్చి అది పట్టుకుంది.
తాళం తిప్పితే దగ్గింది, నల్లగా కక్కింది,
మూడు వేలు దాటగానే
సన్నగా, పళ్ళ సందుల్లోంచి వేసినట్టు
ఒక ఈల.
గోడవతల పాత్రో బాబు "కణ హెలా?" అని లేచాడు.

అప్పుడు చూశాం, బల్ల మీద
ఇంకో పాల కవరు.
లోపల ఒకే బోల్టు.
చీటీ నూనెలో నాని
ఏ భాషా కాకుండా పోయింది.

ఇంజను ఆపేశాను.
అది స్పానర్ల గుడ్డ మళ్ళీ పరిచింది.