నూట ఇరవై అడుగుల తర్వాత

లియోన్ నగరానికి నేనెప్పుడూ వెళ్ళలేదు.
కానీ అక్కడి పాతబస్తీలో
ఎక్కడ ఆగాలో, ఎక్కడ తిరగాలో
తెలుగులో చెప్పేది నా గొంతే.

నారాయణగూడలో రెండో అంతస్తు, కిటికీ లేని గది.
అద్దం అవతల ఫర్హాన్ చెయ్యెత్తుతాడు.
నేను మొదలుపెడతాను:
"చర్చి మెట్లు దిగండి.
నది మీ కుడిపక్కన ఉంటుంది.
నూట ఇరవై అడుగులు నడవండి."

వాక్యం మలుపు కంటే ముందే అయిపోకూడదు,
మలుపు దాటాక మిగిలిపోకూడదు.
ఈ పనికి ఉన్న వ్యాకరణం అదొక్కటే.
ఫ్రెంచిలో జేబురుమాలంత మాట
తెలుగులోకి వచ్చేసరికి
కుచ్చిళ్ళు పోసుకుని నేల మీద జీరాడుతుంది.
కత్తిరించాలి. ఎంత?
కాళ్ళనే అడగాలి.

అందుకే పొద్దున్నే ఐదున్నరకి
మూసారాంబాగ్‌లో లియోన్ నడుస్తాను.
మా గేటు చర్చి గుమ్మం,
ఇస్త్రీ బండి గంటస్తంభం,
ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎవరో రాజుగారి విగ్రహం.
చేతిలో కాగితం, పెదాల మీద అంకెలు.
పాల ప్యాకెట్ల సత్తెమ్మ చూసి చూసి
ఒకరోజు అడిగింది,
"ఏం మొక్కు బిడ్డా, ఎన్ని సుట్లు?"
"డెబ్బై ఎనిమిది" అన్నాను, లెక్క తప్పకుండా.

మా పేట పేరులోనే ఒక ఫ్రెంచివాడున్నాడంటారు.
'ముస్యూ' అన్న పిలుపు
రెండొందల ఏళ్ళు జనం నోళ్ళలో నడిచి
అంచులరిగి మూసా అయిందట.
వెనకున్న ఇంటిపేరు
దారిలో రాముణ్ణి కలుపుకుందట.
చెప్పులే కాదు, పేర్లూ అరుగుతాయి.

అక్కడ ట్రాబూల్ అని ఒకటుంది.
వీధి తలుపు తోసి లోపలికెళితే
ఎవరిదో వాకిలి, ఎవరివో మెట్లు,
కాస్త చీకటి, తర్వాత ఇంకో వీధిలో తేలతాం.
పట్టు తానులు వానకు తడవకుండా
మోసుకుపోయిన దారి.
నాకేం కొత్త?
సుల్తాన్‌బజార్‌లో గాజుల దుకాణం వెనక నుంచి
దర్జీ అరుగు మీదుగా
బడికి అలాగే పోయేదాన్ని.
స్క్రిప్టులో 'రహస్య మార్గం' అని ఉంది.
'సందు' అని చదివాను.
ఫర్హాన్ ఆపలేదు.

ఆగస్టులో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది.
వీరస్వామి, దిల్‌సుఖ్‌నగర్ డిపో, రిటైర్డ్ కండక్టర్.

"అమ్మా, పన్నెండు రోజులు, ఏడు దేశాల టూరు.
ఎర్ర గొడుగు ఎత్తుకున్న పిల్ల ఎనక
నలభై మందిమి ఉరుకుడే ఉరుకుడు.
ఏదన్న చూద్దమంటే గొడుగు పోతాంటది.
నిన్న మోకాలు నొస్తుందని చెప్పి హోటల్ల ఉన్న.
వాళ్ళు పోంగనే
చెవుల నిన్ను పెట్టుకొని బయటపడ్డ.
మంచిగ చెప్పినవ్. ఆగమన్న కాడ ఆగిన.
గని నాలుగో స్టాపు కాడ ఎడమకంటివి.
ఎడమకు గోడున్నది తల్లీ!
ముప్పై ఒక్క ఏండ్లు బస్సుల నిలబడ్డోన్ని.
రైట్ రైట్ అనుకున్న,
బండి కదిలింది."

తర్వాత ఫోను ఆపడం మర్చిపోయినట్టున్నాడు.
రాళ్ళ మీద బూట్ల చప్పుడు,
ఎక్కడో గంటలు, ఒక ఆడమనిషి దగ్గు.
వందసార్లు నడిచిన వీధిని
మొదటిసారి విన్నాను.

స్క్రిప్టు తీసి చూశాను. కుడి అనే ఉంది.
నాలుగో మలుపు ఎడమకుండేది మా పేటలో.
నా కాళ్ళు చెప్పాయి, నోరు నమ్మింది.
దిద్దడానికి నాలుగు సెకన్లు పట్టింది.

మర్నాడు కాగితం ఇంట్లో వదిలేసి
నాలుగో మలుపులో కుడికి తిరిగాను.
తొమ్మిదేళ్ళుగా ఇక్కడుంటూ ఎన్నడూ పోని వైపు.
సగం తెరిచిన తలుపు,
తీగ మీద తడి దుప్పట్లు.
వంగి వాటి కింద నుంచి వెళితే
వేపపుల్ల నములుతున్న పెద్దాయన
"ఎవరు కావాలి?" అన్నాడు.

ఏం చెప్పాలో తెలియక
"నది" అన్నాను.

పుల్లతోనే అటు చూపించాడు.
ఎన్ని అడుగులో చెప్పలేదు.