ఎనభై ఏడో వంతు

పగలు పళ్ల సెట్లు పోత పోస్తాను, సీతాఫల్‌మండిలో.
మిగిలిన ప్లాస్టర్‌తో రాత్రిళ్లు గుట్టలు పోస్తాను.
డాబా మీది రేకుల గదిలో
ఎనిమిదడుగుల ప్లైవుడ్ బల్ల.
దాని మీద మీటరు గేజికి దక్కేది
పన్నెండు మిల్లీమీటర్లు.

నాకు పెద్ద లైను వద్దు.
పెద్ద లైన్లకు ఫొటోలుంటాయి,
దండలేసుకున్న ఇంజన్లు, టోపీలు చేతబట్టిన దొరలు.
నాకు నాగుల్‌బండ బ్రాంచి కావాలి.
మౌలాలి దాటాక పక్కకు జారి
నాలుగు మైళ్లు పోయి, క్వారీలో రాయి ఎత్తుకుని
తిరగడానికి చోటులేక
వెనక్కి వెనక్కి నడుస్తూ వచ్చే బండి.

తార్నాక ఆర్కైవ్స్‌లో ఒకే ఒక్క ఫైలు, ఉర్దూలో.
జిరాక్స్ తీసి
మా ల్యాబ్ కింద కళ్లద్దాల షాపు ముస్తఫీజ్ సాబ్‌కిచ్చాను.
మూడు రోజులు చదివి పిలిచాడు.
"దీంట్ల రైలు లేదు భాయ్, మేకలున్నయ్."
పట్టాల మీద చచ్చిన పదకొండు మేకలు,
వాటి నష్టపరిహారం, ఫసలీ సంవత్సరాలతో సహా.
ఏ మేక ఏ మైలురాయికి ఎన్ని గజాల్లో,
ఏ పూట, ఎవరిది, సూడిదా కాదా.
ఆ రాత్రి మ్యాపు పరిచి
పదకొండు చుక్కలు పెట్టి కలిపాను.
వంపు వచ్చింది.

ఆ వంపు ఇంకా ఉంది.
కాలనీలో మూడో గల్లీ కొడవలిలా తిరుగుతుంది,
ప్రతి ప్లాటుకూ ఒక మూల తెగి ఉంటుంది,
వాస్తు కుదరక ఒకాయన గేటు రెండుసార్లు జరిపాడట.
రైలు పోయి అరవై ఏళ్లు దాటినా
ఇళ్లు పక్కకు తప్పుకునే ఉన్నాయి.

టేపు పట్టి కొలుస్తుంటే జనం మూగారు.
"రోడ్డు వెడల్పా? ఎన్ని ఫీట్లు పోతది?"
"రోడ్డు కాదమ్మా, రైలు."
"అయ్యో, మెట్రోనా!"
ఒకావిడ లోపలికి పరుగెత్తి
ఇంటి కాగితాలన్నీ తెచ్చి నా చేతిలో పెట్టింది.
ఎనభై ఏడో వంతు అని చెప్పడానికి
నోరు రాలేదు.

స్టేషన్ గది రంగు దగ్గర ఆగిపోయాను.
లాలాగూడ ఫిట్టర్ డొమినిక్ పసుపన్నాడు,
ముమ్మాటికీ పసుపు, మేరీమాత సాక్షి.
రాయి కొట్టిన దుర్గప్ప నవ్వాడు:
"రంగెక్కడిది సారూ, దుమ్ము."
పసుపు వేశాను. పైన పౌడరు, ఇటుక పొడి కలిపి
నోటితో ఊదాను.
ఇద్దరూ ఒప్పుకున్నారు.

వెనక గల్లీలో ఒక గేటుకు
బందుగా బిగించిన ఇనుప పట్టీ చూసి నిలబడిపోయాను.
నాలుగు బొక్కల ఫిష్‌ప్లేట్.
"మా నాయిన తెచ్చిండు, లైను పీకిననాడు.
అడిగే తెచ్చిండు," అంది బుచ్చమ్మ తొందరగా.
వాళ్ల నాయిన గ్యాంగ్‌మన్ ఎర్ర మొగులయ్య.
ఫైలంతా మళ్లీ వెతికించాను.
మేకల యజమానుల పేర్లున్నాయి,
ఆయన పేరు లేదు.

అందుకని ఆయన్ను చేశాను,
చిగుళ్లకు వాడే గులాబీ ఆక్రిలిక్‌తో,
రెండు సెంటీమీటర్ల మనిషి,
భుజాన సుత్తె, చేతిలో ఆవగింజంత లాంతరు.
బుచ్చమ్మ మోకాళ్లు పట్టుకుంటూ
ముప్ఫై రెండు మెట్లెక్కి వచ్చింది.
బండి నడపనా అంటే
వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది.
వంగి, ముక్కు బల్లకు తగిలేంత వంగి, చూసింది.

"గింత నిటారుగ ఉండకపోతుండె మా నాయిన.
కుడి భుజం కిందికి గుంజుకపోయి ఉంటుండె.
ఆ సుత్తె మోసి మోసి."

పళ్లు అరగదీసే సన్నటి బర్రు అందుకున్నాను.
మనిషిలో రెండంగుళాలంటే నా చేతిలో
అర మిల్లీమీటరు.
ఊపిరి బిగబట్టి తాకించాను.
గులాబీ పొడి లేచి
పట్టాల మీద పడింది.

"ఇంకొంచెం," అంది బుచ్చమ్మ.