వేలాడే వంతు

తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే.
ఇరవై ఆరేళ్లుగా చెట్ల మీదే మధ్యాహ్నం తిండి తింటున్నవాణ్ణి
మళ్లీ బడికి పంపారు,
వేల్స్ కొండల్లో, ఓ గొర్రెల దొడ్డి వెనక,
వానో మంచో తేల్చుకోలేని పొద్దున.

తాళ్లన్నీ టార్పాలిన్ మీద పరిపించి
గజం గజం వేళ్లతో తడుముతూ పోయాడు మెయ్‌రిగ్,
నొప్పి ఏ పంటిదో వెతికే నాలుకలా.
నా తాడు దగ్గర ఆగాడు.
"ఎప్పటిది?"
"నిరుడు కొన్నదే."
"ఏ నిరుడు?"
నేను బదులు చెప్పేలోపే కత్తెర తీశాడు.

మధ్యాహ్నం దాకా బొమ్మతో పని.
నారింజ రంగు బట్టలు, ఇసుక పొట్ట,
వాలిపోయిన మెడ. పేరు బ్లెదిన్.
ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు.
చెయ్యి వేసే ముందు మాట వెయ్యి, అంటాడు మెయ్‌రిగ్.
సరే, నలభై అడుగుల ఎత్తున ఇసుకమూటతో
"భయపడకు, వచ్చేస్తున్నా" అని అరిచాను.
కింద ఓ గొర్రె తలెత్తి చూసింది.

మంచి బొమ్మ. నెత్తురు కారదు. తిట్టదు.
వాళ్లమ్మని పిలవదు.
నడుముకు తగిలించుకుని, ప్రూసిక్ ముడి కాస్త కాస్త సడలిస్తూ
దించాను. తాడు వేడి గ్లవ్స్ దాటి తెలిసింది.
పదకొండు నిమిషాలు.
ఎవరూ మెచ్చుకోలేదు, టీ ఇచ్చారు.

టీ దగ్గర మాట యాష్ చెట్ల మీదికి మళ్లింది.
తెగులు పట్టి లోలోపల బిస్కెట్టయిపోయాయి,
ఆకులున్నాయి కదా అని నమ్మితే అంతే సంగతులు.
యెస్టిన్ పేరు ఎవరూ ఎత్తలేదు.
అందరం ఒక్కసారే కప్పుల్లోకి చూసుకున్నాం.
ఆ రోజు కింద ఉన్నది నేనే.
రెండో తాడు వ్యాన్‌లో ఉంది.
వ్యాన్ గేటు అవతల ఉంది.

"ఇక బొమ్మ వద్దు," అన్నాడు మెయ్‌రిగ్.
"ఇథెల్, నువ్వు వేలాడు. కళ్లు మూసుకో.
చేతులు చచ్చిపోవాలి."

చేతులు చావవు.
ఇన్నేళ్లూ నన్ను మోసినవి ఊరుకోమంటే ఊరుకుంటాయా!
చీకట్లో స్విచ్చి కోసం వెతికినట్టు
కొమ్మ కోసం వాటంతటవే పోతాయి.
వెనక్కి లాక్కున్నాను. మళ్లీ పోయాయి.
పట్టీలు తొడల్ని కోస్తున్నాయి.
కాళ్లు మెల్లగా పరాయివవుతున్నాయి.
చెవికి ఆనిన ఓక్ బెరడులోంచి
ఎక్కడో కింద తాడు ఒరుసుకుంటున్న గీర.

వస్తున్నది టాంగ్వెన్. ఇరవై రెండేళ్లది.
నా పక్కన గొలుసు తగిలించింది గానీ
టక్ మనలేదు.
కారబినర్ మూసుకోలేదని నా చెవికి తెలుసు.
చెప్పేద్దామని నాలుక చివరి దాకా వచ్చింది.
బొమ్మలు చెప్పవు.
ఆమె ఆగింది. ఒక ఊపిరి.
విప్పింది. మళ్లీ పెట్టింది.
టక్.

"ఇథెల్, నేను వచ్చాను.
నీ బరువు ఇక నా మీద."

పుస్తకంలో మాటే అది,
పొద్దుట్నుంచీ మెయ్‌రిగ్ అందరిచేతా పదిసార్లు వల్లె వేయించిందే.
బ్లెదిన్‌కి నేనూ చెప్పాను, నవ్వుతూ.
యెస్టిన్‌కి కింద నుంచి నేను చెప్పింది ఒకే ముక్క:
కదలకు.

దిగాక కాళ్లలోకి చీమలు తిరిగొచ్చాయి.
లేవబోతే మెయ్‌రిగ్ భుజం నొక్కి కూర్చోబెట్టాడు.
"ఎంత టైమైంది?" టాంగ్వెన్ అడుగుతోంది.
"ముడి తప్పింది, నీకు నువ్వే పట్టుకున్నావు.
అది రాసుకో," అన్నాడు.
ఆమె మొహం ఇంకా తెల్లగానే ఉంది.

కాగితం మీద సంతకం పెట్టాను.
ముక్కలైన నా తాడు నేనే ఏరుకున్నాను.
చీకటి పడుతుంటే బ్లెదిన్‌ని వ్యాన్‌లోకి ఎక్కించారు.
భుజాల వైపు నేను పట్టాను.
తలుపు అంచుకు
తల తగలకుండా చెయ్యి అడ్డం పెట్టాను.