సొన

మెహరున్ కెమెరా సంచిలో
ఎప్పుడూ ఒక ఆముదం సీసా ఉంటుంది.
గుజ్జు ఫ్యాక్టరీ ఆడవాళ్ల దగ్గర కూర్చుంటే
లెన్సు కంటే ముందు అదే బయటికొస్తుంది.
తోతాపురి సొన కాల్చిన వేళ్లు,
సీజను పొడుగునా ఊడుతూనే ఉండే తోలు.
"మొగం వొద్దు మే, చేతులు తియ్యి"
అంది వళ్లెమ్మ మొదటి రోజు,
"చేతులకి పేరుండదు గదా."

మేమిద్దరం పెళ్లి వీడియోలు తీసినవాళ్లం.
సంతపేటలో మా స్టూడియో,
కింద పంచర్ల షాపు, పైన మేము.
మూడు ముళ్లూ తప్పిపోకుండా
ఊపిరి బిగబట్టడం అక్కడ నేర్చుకున్నాం.
కలెక్టరాఫీసు ముందు ఆ విద్యే అక్కరకొచ్చింది.
లాఠీ పైకి లేచాక
కిందికి దిగేలోపు
ఒక రవ్వంత వ్యవధి ఉంటుంది.
మెహరున్ అక్కడ రెప్ప వేయదు.

నేను శబ్దాన్ని.
కర్ర చివర మైకు, దానికి మేమే కుట్టిన బొచ్చు తొడుగు.
"నక్కతోక తొక్కొస్తారంటే విన్యాం గానీ
ఎత్తుకొచ్చేదాన్ని ఇప్పుడే చూస్తాండాం"
ధర్నా పందిరి కింద ఒకటే నవ్వులు.
ఎస్సై నవ్వలేదు. కార్డు అడిగాడు.
ఇచ్చాం.
గిరింపేటలో ఎవరిదో రిసెప్షను.
ఆ రాత్రి పాపం ఆయన
మూడు గంటలు అక్షింతలు చూసుంటాడు.
గోరంత అసలు కార్డు
మునిలక్ష్మి చంటోడి మొలతాడుకి
తాయెత్తై చెక్‌పోస్టు దాటింది.

ఏడు నెలలకి కాగితం వచ్చింది.
పదకొండు కోతలు.
జిల్లా పేరు తీసేయాలి.
కంపెనీ బోర్డు మసకబార్చాలి.
నలభయ్యో నిమిషంలో వృద్ధురాలి మాటలు
పద్నాలుగు సెకన్లు
మూగ చేయాలి.

మూగ చేయాలి.
ఎంత శుభ్రమైన తెలుగు!
ఎవరో కూర్చుని రాసుంటారు,
టీ చల్లారిపోతుంటే,
కలం మూత పళ్ల మధ్య పెట్టుకుని.
చేశాను. నా చేతులతో నేనే చేశాను.
గీత మీద ఎగుడుదిగుడుగా ఉన్న ఆమె గొంతు
మౌసు ఒక్కసారి నొక్కితే
నీవా నది ఎండాకాలంలా చదునైపోయింది.

పదకొండు కోతల్లో
వళ్లెమ్మ చేయి లేదు.
మామిడికాయ చెక్కు తీస్తున్న చేయి,
మణికట్టు మీద తేలు పచ్చబొట్టు,
పూర్తిగా తొమ్మిది సెకన్లు.
దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.
మేస్త్రీ గుర్తుపట్టాడు.
ఈ సీజను ఆమెకి పని లేదు.

ఎలా చెప్పాలో తెలియక
రెండుసార్లు వాళ్ల వీధి మొదటిదాకా వెళ్లి
తిరిగొచ్చాం.

రెండు హాళ్లు బుకింగు రద్దు చేశాయి.
ఒకాయన రిపేరు అన్నాడు,
ఇంకొకాయన ఏమీ అనలేదు, డబ్బులు వెనక్కిచ్చాడు.
చివరికి మురకంబట్టు దగ్గర
కాయల క్రేట్లు పేర్చిన షెడ్డు.
గోడకి దుప్పటి, దుప్పటికి బట్టల క్లిప్పులు.
క్రేట్లు బోర్లించుకుని అరవైమంది ఆడవాళ్లు.
వాకిట్లో బండి మీద కూర్చున్న మనిషెవరో
అందరికీ తెలుసు.

నలభయ్యో నిమిషం.
తెర మీద వళ్లెమ్మ నోరు కదులుతోంది,
షెడ్డు రేకుల మీద ఏదో పిట్ట నడుస్తున్న చప్పుడు.
పద్నాలుగు సెకన్లు ఇంత పొడుగుంటాయని
ఎడిటింగు టేబుల్ దగ్గర నాకు తెలియలేదు.
"నేనాపొద్దు ఏం జెప్తినో మర్చిపోతి,"
వెనక వరసలోంచి ఆమె లేచింది,
"ఇప్పుడైతే ఇంగా శానా ఉండాది."

అలవాటుగా నా వేలు రికార్డరు మీదికి పోయింది.
చూసింది.
"ఎక్కించుకుంటాండావా?"
తల దించుకున్నాను.
"దించుకుంటే ఎట్ల మే, ముందు నా పేరు రాసుకో.
ఇంటిపేరుతో గూడా."

అప్పుడే కరెంటు పోయింది.
పోయిందో, తీశారో.
చీకట్లో ఆముదం వాసన, సంచి జిప్పు చప్పుడు.
బ్యాటరీ మీద నడిచే నా రికార్డరులో
చిన్న పచ్చ గీత
ఆమె మాటతో పాటు లేస్తోంది, పడుతోంది.