ఏ గడిలో

చాద్ సరస్సు ఒడ్డున
చేపలకు పొగ పెడుతున్న కెల్లు దగ్గరికి
కాగితాలు పట్టుకుని ఒకాయన వచ్చాడు.
నెలకి ఎంత వస్తుంది? పిల్లలు ఏం చదివారు?

ముందు పక్కింటి బుకర్ సంగతి రాసుకోమంది.
మూడు రోజులు పొయ్యిలో పిల్లి లేవని ఇంటికి
దేవుడి పని అంటూ వాళ్ళు
మోటారు సైకిలు తోలుకొచ్చారు.
ఎక్కాడు. అంతే.

మా చిన్నాడు క్యారీకీ ఇస్తామన్నారు.
అక్షరం ముక్క రాదు, పైగా బండంటే భయం.
చిరిగిన వల ఒళ్ళో వేసుకుని
రేపు చూద్దాం అన్నాడు.
ఏడేళ్ళుగా అదే రేపు.

పెద్దాడు బులామా
మైదుగురిలో కెమిస్ట్రీ చదివాడు.
వాళ్ళ కరపత్రం చూసి పకపకా నవ్వి
ఎర్ర పెన్నుతో తప్పులన్నీ దిద్దాడు.
మరుసటి నెల కరపత్రంలో
ఒక్క తప్పూ లేదు.

ఆయన పెన్ను ఆగిపోయింది.
ఆకలికి గడి ఉంది
చదువు లేకపోవడానికీ ఉంది.

కెల్లు పొగలోంచి తల తిప్పకుండానే అంది:
వాడి రాత ముత్యాల్లా ఉండేది
అది ఎక్కడైనా రాసుకో నాయనా,
కాస్త పక్కకి జరుగు, చేప మాడుతోంది.