ఊదా రంగు వైరు

ఎండాకాలమంతా నాకు కాలిన మోటార్లే.
మామిడితోటల్లో బోరెండి, ఒట్టి గాలి తాగి
నల్లబడిన రాగితో వస్తాయి.
పాత చుట్లు పీకి, కొత్తవి చుట్టి,
వార్నిష్ పోసి ఎండలో పెడతా.
గ్రీమ్స్‌పేటలో నా అంగడికి బోర్డు లేదు,
ఆ వాసనే బోర్డు.

ఒక మధ్యాన్నం ఎబినేజరు వచ్చినాడు,
వెనక సందు చర్చిలో బేసు వాయించే పిల్లోడు.
చంకలో దుప్పటి చుట్టిన చెక్క.
"మునెక్కా, దీనికి మూడు కావాల. రెండే ఉండాయి."
విప్పితే
పాత దర్వాజా పనసచెక్క,
గొళ్ళెం దిగ్గొట్టిన బొక్క ఇంకా ఉండాది.
నాలుగు లావు తీగలు.
వాటి కింద, రెండు పికప్పుల నడాన
పన్ను పీకిన చోటు మాదిరి ఒక గుంత.

"అయస్కాంతమక్కా, చుట్టూ రాగి.
పైన తీగ ఊగితే లోపల కరెంటు పుడతాది."
నవ్వొచ్చింది.
ఇరవైరెండేండ్లుగా కరెంటిచ్చి తిప్పేది నా పని.
ఊపి కరెంటు రాబట్టేదీ అదే రాగేనంట,
ఎవురూ చెప్పలా నాకు.

నలభైరెండో గేజి.
దాని పక్కన తలవెంట్రుక మోకు.
ఎనిమిది వేల చుట్లు.
లెక్కచక్రం పండ్లరిగి ఎప్పుడో నిలిచిపోయింది,
ఐదునూర్లకొక చింతగింజ పక్కన పెడతా వచ్చినా.
పదకొండో గింజ కాడ దగ్గినా.
తెగింది.
గింజలన్నీ తిరిగి డబ్బాలోకి.
రెండోసారి
ఫ్యాను ఆపి, తలుపేసి,
ఊపిరి కూడా అప్పు తెచ్చుకున్నట్టు వాడినా.

మూడింటికి మూడు వాల్యూము గుండీలు, టోనుకొకటి,
కందిపప్పంత కెపాసిటరు.
ట్రాన్స్‌ఫార్మరులో మిగిలిన రాగిరేకు కత్తిరించి
గుంతంతా అతికించినా.
అయినా గుర్రుమనింది
పక్కింటి ట్యూబులైటు ఇందులోకొచ్చి పడుకున్నట్టు.
పిల్లోడు తీగ మింద చెయ్యి పెడితే నిలిచింది,
తీస్తే మళ్ళీ.
ఒక అర్థింగు వైరు అతుకు ఊడుండాది.
నేలకు పోయేవన్నీ ఒకే చుక్కలో సీసం పోసి కలిపినా.
అప్పుడు ఊరుకుంది.

ఒక్కొక్కటే తిప్పినాడు.
మెడకాడిది పెద్దాయన గొంతు.
కిందిది ముక్కుతో మాట్లాడతాది.
నడిమిది, నాది,
బాగుందో లేదో నాకే తెలీలా.
మూడూ కలిపినాడు.

లావంతా ఎక్కడికో పోయింది.
ముగ్గురు కలిసి మోస్తే బరువు ఎగిరిపోయినట్టు
దోమ మిగిలింది.

"చుట్టు తప్పినావా అక్కా?"
"చుట్టు తప్పలేదురా. ఎదురు నడస్తా ఉండాది.
వాళ్ళు తోస్తా ఉంటే నాది లాగతా ఉండాది."
మోటారు వెనక్కి తిరిగితే ఏం జేస్తాము?
వాడికేం తెలుసు, వాడు పాటోడు.
రెండు వైర్లు
ఇటుది అటు. అటుది ఇటు.
అంతే. పొగ కండ్లలోకి పోయింది.

మళ్ళీ మూడూ.
అన్నిటికన్నా లావు తీగ, ఒక్కసారి.
బల్ల మింద మరమేకులు లేచి కూచున్నాయి.
వార్నిష్ డబ్బాలో వలయాలు.
నా మోకాళ్ళకు ముందు తెలిసింది,
చెవులకు తర్వాత.
పిల్లోడు ఏమీ అనలా.
రెండు వందలు తక్కువిచ్చి, దుప్పటి మరిచిపోయి, పూడిసినాడు.

ఆదివారం నేను అంగట్లోనే.
నాకు చర్చి అలవాటు లేదు.
రెండు గోడలు దాటి పాట రాలేదు, మాట రాలేదు,
అడుగున ఉండేది మాత్రం వచ్చింది,
నేల పట్టుకోని, చెప్పుల్లోకి.
అందులో నాదేదో ఏరి చూద్దామనుకుంటే
కుదర్లా.

ఒకటి మాత్రం చేసినా, వాడికి చెప్పలేదు.
ఎర్ర వైరు అయిపోయి ఊదా వేసుంటి.
తిరగేసినాక నల్లది పైకి పోయింది, ఊదా నేలకు.
రేపు ఎవుడన్నా మూత విప్పితే
ఈమెకు పని రాదనుకుంటాడు, సరి చేస్తాడు,
మళ్ళీ దోమ.
అందుకే మోటార్లకు కట్టే చీటీ ఒకటి
రాగిరేకు మింద అతికించి మూత బిగించినా:

"ఊదా నేలకే.
తప్పు కాదు.
మార్చొద్దు.
మునెమ్మ."